అన్‌ఇన్‌స్టాల్ చేసినా పోని సాఫ్ట్‌వేర్‌ని మిగులు ఫైళ్ళతో సహా తీసేయడం ఎలా?

"అన్‌ఇన్‌స్టాల్ చేశాను, అయినా కంప్యూటర్ ఆన్ చేయగానే దాని మెసేజే వస్తోంది." "కొత్త వర్షన్ వేద్దామంటే పాతది ఇంకా ఉందంటోంది." "లిస్టులో పేరుంది కానీ నొక్కితే ఎర్రర్." తిప్పితిప్పి అందరూ అడిగేవి ఈ మూడే. మూడింటికీ పరిష్కారం దాదాపు ఒక్కటే కాబట్టి అంతా ఒకచోట రాస్తున్నాను. ఇది విండోస్ 10, 11 వాడేవాళ్ళ కోసం.

సాఫ్ట్‌వేర్లు చాలావరకు తమని తాము తీసేసుకునే చిన్న ప్రోగ్రామ్‌ని వెంట తెచ్చుకుంటాయి. ఇన్‌స్టాల్ చేసిన రోజు ఏయే ఫైళ్ళు పెట్టిందో దానికి తెలుసు, వాటిని తీసేస్తుంది. కానీ మీరు వాడుతున్నకొద్దీ పుట్టిన సెట్టింగులు, లాగ్‌లు (ఎప్పుడు ఏం జరిగిందో రాసుకునే ఫైళ్ళు), తాత్కాలిక ఫైళ్ళు ఆ లెక్కలో ఉండకపోవచ్చు. మళ్ళీ వేసుకుంటే పాత సెట్టింగులు దొరకాలని కొన్ని కంపెనీలు కావాలనే కొంత వదిలేస్తాయి. రెవో అనే ప్రోగ్రామ్ లాంటి అన్‌ఇన్‌స్టాలర్లు ముందు ఆ సొంత ప్రోగ్రామ్‌నే నడిపించి, తర్వాత మిగిలిన వాటిని వెతికి లిస్టు చూపిస్తాయి. ఆ లిస్టులో ఏది తీయాలో, ఏది వదలాలో తేల్చాల్సింది మాత్రం మీరే. పొరపాట్లు జరిగేది అక్కడే కాబట్టి ఎక్కువ దాని గురించే చెబుతాను.

ముందుగా ఒక విషయం. మిగులు ఫైళ్ళు తీసేస్తే కంప్యూటర్ స్పీడ్ పెరుగుతుందని ఆశ పెట్టుకోకండి. రిజిస్ట్రీలో (విండోస్, యాప్‌లు తమ సెట్టింగులు రాసుకునే చోటు) నాలుగు వందల లైన్లు తగ్గినంత మాత్రాన తేడా ఏమీ తెలియదు. రిజిస్ట్రీ క్లీనర్లకు తాము సపోర్ట్ ఇవ్వబోమని మైక్రోసాఫ్ట్ స్వయంగా చెప్పింది. తీసేసిన యాప్ ఇంకా బ్యాక్‌గ్రౌండ్‌లో నడుస్తున్నా, మళ్ళీ ఇన్‌స్టాల్ కాకుండా అడ్డుపడుతున్నా, డిస్క్‌లో గిగాబైట్ల కొద్దీ జాగా తింటున్నా ఈ పని చేయండి. లేకపోతే సెట్టింగ్స్‌లో యాప్స్, అందులో ఇన్‌స్టాల్డ్ యాప్స్ తెరిచి (విండోస్ 10లో యాప్స్ అండ్ ఫీచర్స్) మామూలుగా తీసేస్తే చాలు. మైక్రోసాఫ్ట్ స్టోర్ నుంచి వేసుకున్న యాప్‌లకైతే ఇదంతా అక్కర్లేదు. స్టార్ట్ మెనూలో దాని మీద రైట్ క్లిక్ చేసి అన్‌ఇన్‌స్టాల్ అంటే దాదాపు ఏమీ మిగలదు.

కావలసినవి

- అడ్మినిస్ట్రేటర్ హక్కులున్న అకౌంట్. ఆఫీసు కంప్యూటరైతే మీ ఐటీ వాళ్ళని అడగకుండా ముట్టుకోవద్దు.
- ఒక అన్‌ఇన్‌స్టాలర్. ఏది వేసుకోవాలో కింద చెప్పాను.
- బ్యాకప్‌కి పెన్‌డ్రైవ్ గానీ, వేరే డ్రైవ్‌లో ఖాళీ గానీ.
- ఓ అరగంట తీరిక. ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ పెట్టి ఉంచండి.

ఏ అన్‌ఇన్‌స్టాలర్?

రెవో అన్‌ఇన్‌స్టాలర్ ఫ్రీ వర్షన్ ఇంట్లో వాడేవాళ్ళకి సరిపోతుంది. ఈ వ్యాసంలో స్టెప్స్ అన్నీ దాన్ని బట్టే రాశాను. డబ్బు కట్టే ప్రో వర్షన్‌లో బలవంతంగా తీసే ఫోర్స్‌డ్ అన్‌ఇన్‌స్టాల్, ఇన్‌స్టాల్ అవుతున్నప్పుడే గమనించి రాసిపెట్టుకునే సదుపాయం అదనంగా ఉంటాయి. నెలకో రెండు నెలలకో ఒక యాప్ తీసేవాళ్ళకి అవి అక్కర్లేదు.

గీక్ అన్‌ఇన్‌స్టాలర్ ఒకే ఒక్క చిన్న ఫైలు. ఇన్‌స్టాల్ చేయకుండానే పెన్‌డ్రైవ్ నుంచి నడుస్తుంది. ఫోర్స్ రిమూవల్ ఫ్రీ వర్షన్‌లోనే ఉంది. లిస్టులో ఇరుక్కుపోయిన పేర్లకి నేను చెప్పేది దీన్నే.

బల్క్ క్రాప్ అన్‌ఇన్‌స్టాలర్ ఓపెన్ సోర్స్, పూర్తిగా ఉచితం. కొత్త ల్యాప్‌టాప్‌తో వచ్చిన పది పదిహేను యాప్‌లని ఒకేసారి తీయాలంటే దీన్ని మించింది లేదు. మిగిలిన ప్రతి ఐటమ్ పక్కనా, అది నిజంగా ఆ యాప్‌దే అని ఎంత నమ్మకంగా చెప్పగలదో కూడా చూపిస్తుంది. స్క్రీన్ నిండా వివరాలుంటాయి కాబట్టి కొత్తవాళ్ళు కొంచెం తడబడతారు.

మూడింటిలో ఒక్కటి చాలు. ఏది తీసుకున్నా దాని సొంత సైటు నుంచే డౌన్‌లోడ్ చేయండి (బల్క్ క్రాప్ అయితే గిట్‌హబ్‌లో ఉంటుంది). గూగుల్‌లో వెతికినప్పుడు పైన కనిపించే లింకు ప్రకటన కావచ్చు, కింద దాకా చూడండి. ప్రో వర్షన్‌కి (డబ్బు కట్టకుండా నడిపించే) క్రాక్ మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వేయొద్దు. అన్‌ఇన్‌స్టాలర్ అడ్మినిస్ట్రేటర్ హక్కులతో నడుస్తుంది, అంటే మొత్తం కంప్యూటర్ దాని చేతిలో ఉన్నట్టే. ఎవరో మార్చిన ఫైలుకి ఆ హక్కులివ్వడం కంటే అక్కర్లేని యాప్‌ని అలాగే ఉండనివ్వడం నయం.

1. తీయబోయేది తీయదగిందేనా చూసుకోండి

లిస్టు తెరవగానే తెలియని పేర్లు చాలా కనిపిస్తాయి. మైక్రోసాఫ్ట్ విజువల్ సీ ప్లస్ ప్లస్ రీడిస్ట్రిబ్యూటబుల్ అనే పేరు వేర్వేరు సంవత్సరాలతో ఐదారుసార్లు ఉంటుంది. "ఒకటే ఇన్నిసార్లు ఎందుకు, పాతవి తీసేద్దాం" అని చాలామంది తీసేస్తారు. తర్వాత ఏదో గేమో, అకౌంట్స్ సాఫ్ట్‌వేరో తెరుచుకోదు. ఒక్కో యాప్‌కి ఒక్కో సంవత్సరం వర్షన్ కావాలి, అందుకే అన్ని ఉన్నాయి. అవన్నీ కలిపినా పెద్ద జాగా తినవు, తీసినా కలిసొచ్చేదేమీ లేదు. డాట్‌నెట్ రన్‌టైమ్, వెబ్‌వ్యూ2 రన్‌టైమ్, రియల్‌టెక్ ఆడియో, ఇంటెల్ పేరుతో ఉన్న డ్రైవర్లు, ల్యాప్‌టాప్ కంపెనీ హాట్‌కీ సాఫ్ట్‌వేర్ కూడా ఇంతే, వదిలేయండి. వెబ్‌వ్యూ2 అయితే టీమ్స్, కొత్త ఔట్‌లుక్ లాంటివి దాని మీదే ఆధారపడి నడుస్తాయి.

పేరు తెలియకపోతే పక్కనే ఉన్న కంపెనీ పేరు, ఇన్‌స్టాల్ అయిన తేదీ చూడండి. తేదీ ప్రకారం వరుస మార్చుకుంటే, మీరు ఏదో ఫ్రీ కన్వర్టర్ వేసిన రోజే దాంతోపాటు దొంగచాటుగా దూరినవన్నీ ఒకచోట కనిపిస్తాయి.

2. మీ డేటా, లైసెన్సు ముందు బయటికి తీసుకోండి

యాప్ మళ్ళీ డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, డేటా రాదు. ఈ స్టెప్ దాటేయకండి.

ట్యాలీ వాడేవాళ్ళు కంపెనీ డేటా బ్యాకప్ తీసి, డేటా ఫోల్డర్‌ని కూడా వేరే డ్రైవ్‌కి కాపీ చేయండి. వేరే కంప్యూటర్‌కి మారుతున్నట్టయితే లైసెన్స్ సరెండర్ చేశాకే తీయాలి. అడోబీ లాంటి వాటిలో అయితే సైన్ అవుట్ అవ్వండి, లేకపోతే పాత కంప్యూటర్ ఇంకా వాడుతున్నట్టే లెక్కలో ఉండిపోవచ్చు.

ఫైర్‌ఫాక్స్ బుక్‌మార్కులు, పాస్‌వర్డులు, క్రోమ్‌వి కూడా, థండర్‌బర్డ్‌లో దించుకున్న మెయిళ్ళు: ఇవన్నీ ఉండేది యాప్‌డేటా అనే ఫోల్డర్‌లో. మిగులు ఫైళ్ళ లిస్టులో వచ్చేదీ ఆ ఫోల్డరే. థండర్‌బర్డ్‌ని పాప్ పద్ధతిలో (మెయిల్‌ని కంప్యూటర్‌కే దించుకునే పద్ధతి) పెట్టుకున్నవాళ్ళకి సర్వర్‌లో మెయిల్ ఉండకపోవచ్చు, ఆ ఫోల్డర్ పోతే పదేళ్ళ ఉత్తరాలు పోయినట్టే.

డీటీపీ చేసేవాళ్ళకి ప్రత్యేకంగా చెప్పాలి. తెలుగు టైపింగ్ ప్యాకేజీ పాతదై తీసేస్తున్నప్పుడు దాని ఫాంట్లు ఒక కాపీ దాచుకోండి. అను ఫాంట్లలో చేసిన పాత పేజ్‌మేకర్ ఫైళ్ళు యూనికోడ్‌లో (ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగు తెలుగుగానే కనిపించే పద్ధతి) ఉండవు. ఫాంటు లేకపోతే పెళ్ళిపత్రిక అయినా, పుస్తకం అయినా అర్థం లేని గుర్తులుగా కనిపిస్తుంది. సాఫ్ట్‌వేర్ పోయినా ఫాంట్లు ఉంటే కనీసం తెరిచి చదువుకోవచ్చు, ప్రింట్ తీసుకోవచ్చు.

3. రీస్టోర్ పాయింట్ పెట్టండి

ఏదైనా చెడిపోతే కంప్యూటర్‌ని ఇప్పటి స్థితికి వెనక్కి తెచ్చుకునే గుర్తు ఇది. స్టార్ట్‌లో "క్రియేట్ ఎ రీస్టోర్ పాయింట్" అని ఇంగ్లీషులో వెతకండి. వచ్చే కిటికీలో సి డ్రైవ్ ఎదురుగా ప్రొటెక్షన్ ఆఫ్ అని ఉంటే కాన్ఫిగర్ నొక్కి ఆన్ చేయండి. చాలా ల్యాప్‌టాప్‌లలో ఇది ఆఫ్‌లోనే ఉంటుంది, ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. తర్వాత క్రియేట్ నొక్కి, ఏదైనా పేరు పెట్టండి. రెవో కూడా ప్రతిసారీ తానే ఒక పాయింట్ పెట్టడానికి చూస్తుంది, కానీ ప్రొటెక్షన్ ఆఫ్‌లో ఉంటే అది పెట్టలేదు.

రీస్టోర్ పాయింట్ వెనక్కి తెచ్చేది రిజిస్ట్రీ, సిస్టమ్ ఫైళ్ళు, ప్రోగ్రాములని. మీ ఫోటోలు, డాక్యుమెంట్లు పొరపాటున పోతే తేలేదు. అందుకే రెండో స్టెప్ విడిగా ఉంది.

4. ఆ యాప్‌ని పూర్తిగా ఆపండి

కిటికీ మూసేస్తే యాప్ ఆగినట్టు కాదు. గడియారం పక్కనున్న చిన్న బాణం నొక్కితే దాని ఐకాన్ అక్కడ కూర్చుని ఉండొచ్చు, రైట్ క్లిక్ చేసి ఎగ్జిట్ అనండి. తర్వాత కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్‌లో ఇంకా పేరు కనిపిస్తే ఎండ్ టాస్క్ చేయండి. బ్రౌజర్‌కి సంబంధించింది తీస్తుంటే బ్రౌజర్లన్నీ మూసేయండి.

5. రెవోలో ఎంచుకుని అన్‌ఇన్‌స్టాల్ నొక్కండి

రెవో తెరిచి, యాప్ పేరు మీద రైట్ క్లిక్ చేసి అన్‌ఇన్‌స్టాల్ ఎంచుకోండి. రీస్టోర్ పాయింట్ పని కాగానే ఆ యాప్ సొంత అన్‌ఇన్‌స్టాలర్ కిటికీ తెరుచుకుంటుంది. ఇక్కడ తొందరపడి నెక్స్ట్, నెక్స్ట్ కొట్టకండి. రెండు విషయాలు చూడాలి.

మొదటిది, కొన్ని యాప్‌లు పోతూపోతూ బటన్లతో తికమక పెడతాయి. పెద్దగా రంగులో ఉన్న బటన్ "ఉంచు" అని, బూడిదరంగులో చిన్నగా ఉన్నది "తీసేయి" అని ఉంటుంది. లేదా "దీని బదులు మా ఇంకో యాప్ వేసుకోండి" అని టిక్ పెట్టే ఉంచుతాయి. చదివి నొక్కండి. "సెట్టింగులు కూడా తీసేయాలా" అని అడిగితే, మళ్ళీ వేసుకునే ఉద్దేశం లేనప్పుడు సరే అనండి. అన్‌ఇన్‌స్టాలర్ తన చేత్తో తీసేసేవి ఎంత ఎక్కువైతే, తర్వాత మీరు తేల్చాల్సినవి అంత తగ్గుతాయి.

రెండోది, చివర్లో "ఇప్పుడే రీస్టార్ట్ చేయాలా" అని అడిగితే తర్వాత అనే చెప్పండి. ఇప్పుడే రీస్టార్ట్ చేస్తే రెవో స్కాన్ మధ్యలో ఆగిపోతుంది.

6. స్కాన్: మోడరేట్ చాలు

సేఫ్, మోడరేట్, అడ్వాన్స్‌డ్ అని మూడు రకాలు కనిపిస్తాయి. మోడరేట్ ఎంచుకోండి. అడ్వాన్స్‌డ్ ఎక్కువ వెతుకుతుంది, ఎక్కువ తప్పులూ పట్టుకొస్తుంది. యాప్ పేరు మామూలు పదమైతే సంబంధం లేనివి కూడా లిస్టులోకి రావచ్చు. మోడరేట్‌తో తీసి, రీస్టార్ట్ చేసి చూసినా సమస్య పోకపోతేనే అడ్వాన్స్‌డ్ వైపు వెళ్ళండి.

7. రిజిస్ట్రీ లిస్టుని చదవండి

ఇక్కడ చాలామందికి టెన్షన్ మొదలవుతుంది. చెట్టు కొమ్మల్లా ఒక పొడవాటి లిస్టు వస్తుంది. అందులో బోల్డ్ అక్షరాల్లో ఉన్నవే తీయడానికి చూపిస్తున్నవి. మామూలు అక్షరాల్లో ఉన్నవి అక్కడికి చేరే దారి మాత్రమే, వాటి జోలికి పోవద్దు.

వీఎల్‌సీ ప్లేయర్‌ని తీస్తున్నారనుకోండి. హెచ్‌కీ లోకల్ మెషిన్, దాని కింద సాఫ్ట్‌వేర్, దాని కింద వీడియోల్యాన్ అని ఉండొచ్చు. లిస్టులో వీఎల్‌సీ అనే పేరు లేదేమిటని కంగారు పడకండి, వీఎల్‌సీని తయారుచేసేది వీడియోల్యాన్ సంస్థ. ఇంకోచోట వీఎల్‌సీ డాట్ ఎంపీ4, వీఎల్‌సీ డాట్ ఎంకేవీ లాంటి పేర్లు కనిపించవచ్చు. ఆ రకం వీడియోని ఏ యాప్‌తో తెరవాలో చెప్పే నమోదులవి. పేరు వీఎల్‌సీతో మొదలవుతోంది కాబట్టి తీసేయొచ్చు. కానీ పేరు ముందు ఏ యాప్ పేరూ లేకుండా ఉత్త డాట్ ఎంపీ4 అని ఒక్కటే ఉంటే అది విండోస్‌ది, మిగతా ప్లేయర్లకీ కావాలి. దాన్ని వదిలేయాలి.

ఏ యాప్‌కైనా ఇదే కొలత: దారిలో యాప్ పేరో, దాన్ని చేసిన కంపెనీ పేరో స్పష్టంగా ఉంటేనే టిక్. మైక్రోసాఫ్ట్, విండోస్, క్లాసెస్ అనే మాటల దగ్గరే దారి ఆగిపోయి, చివర్లో యాప్ పేరు లేకపోతే టిక్ వద్దు. అనుమానం వస్తే వదిలేయండి. రిజిస్ట్రీలో రెండు లైన్లు ఎక్కువ మిగిలితే ఏ నష్టమూ లేదు, అవసరమైన ఒక్క లైను పోతే మాత్రం రెండు గంటలు తల పట్టుకోవాలి. సెలెక్ట్ ఆల్ బటన్ అక్కడే చేతికందేలా ఉంటుంది, లిస్టు కింది దాకా చదవకుండా దాన్ని నొక్కకండి.

8. ఫైళ్ళు, ఫోల్డర్ల లిస్టు

నెక్స్ట్ నొక్కితే మిగిలిన ఫోల్డర్లు వస్తాయి. డిస్క్‌లో జాగా దొరికేది, డేటా పోయే ప్రమాదం ఉండేది రెండూ ఇక్కడే.

గూగుల్ డ్రైవ్ యాప్ తీస్తున్నారనుకోండి, క్రోమ్ మాత్రం వాడుతున్నారు. ప్రోగ్రామ్ ఫైల్స్‌లో గూగుల్ అనే ఒకే ఫోల్డర్ కింద రెండూ ఉంటాయి. గూగుల్ ఫోల్డర్ మొత్తానికి టిక్ పెడితే క్రోమ్ కూడా పోతుంది. అడోబీ, మైక్రోసాఫ్ట్, హెచ్‌పీ ఫోల్డర్లకీ ఇదే జాగ్రత్త. కామన్ ఫైల్స్ అని దారిలో ఉంటే అది పేరుకు తగ్గట్టే ఉమ్మడి ఆస్తి, లోపల మీ యాప్ పేరుతో విడి ఫోల్డర్ ఉంటే తప్ప తీయకండి. యాప్‌డేటాలో ఉన్నవాటికి టిక్ పెట్టేముందు ఆ ఫోల్డర్ తెరిచి ఒకసారి చూడండి. లోపల ప్రొఫైల్స్, బ్యాకప్, డేటా, ప్రాజెక్ట్స్ అనే పేర్లు కనిపిస్తే ముందు కాపీ, తర్వాతే డిలీట్.

రెవో ఆప్షన్స్‌లో ఫైళ్ళని రీసైకిల్ బిన్‌కి పంపే సెట్టింగ్ ఉంటుంది. అది ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి. ఓ వారం రోజులు అంతా బాగా నడిచాక బిన్ ఖాళీ చేయొచ్చు. బిన్‌లో ఉన్నంతకాలం డిస్క్‌లో ఖాళీ పెరగదు, "తీసినా జాగా రాలేదు" అనేవాళ్ళలో చాలామంది విషయం ఇదే.

కొన్ని ఫైళ్ళు రీస్టార్ట్ తర్వాత పోతాయని రెవో చెబుతుంది. రైట్ క్లిక్ మెనూలో తన పేరు చేర్చుకున్న యాప్‌ల ఫైళ్ళని విండోస్ పట్టుకుని ఉంటుంది, అందుకే అప్పటికప్పుడు పోవు. సరే అనండి.

9. రీస్టార్ట్ చేసి తనిఖీ చేయండి

షట్‌డౌన్ చేసి ఆన్ చేయడం కాదు, మెనూలో రీస్టార్ట్ అనే నొక్కండి. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉన్న కంప్యూటర్లు షట్‌డౌన్ చేసినా పూర్తిగా కొత్తగా మొదలవ్వవు. తర్వాత ఇవి చూడండి.

- ఇన్‌స్టాల్డ్ యాప్స్ లిస్టులో పేరు పోయిందా.
- టాస్క్ మేనేజర్ స్టార్టప్ యాప్స్‌లో ఏమైనా మిగిలిందా. కంపెనీ పేరేమీ లేకుండా ఉత్త "ప్రోగ్రామ్" అని ఒక లైన్ కనిపిస్తే, అది వైరస్సే కానక్కర్లేదు. చాలావరకు పోయిన యాప్ తాలూకు తెగిన దారి. పైన కాలమ్ పేర్ల మీద రైట్ క్లిక్ చేసి కమాండ్ లైన్ ఎంచుకుంటే ఏ యాప్‌దో తెలుస్తుంది.
- విండోస్ గుర్తు, ఆర్ కలిపి నొక్కి, వచ్చిన పెట్టెలో యాప్‌డేటా అనే మాటకి ముందొకటి వెనకొకటి పర్సెంట్ గుర్తు పెట్టి ఇంగ్లీషులో టైప్ చేయండి. రోమింగ్ ఫోల్డర్ తెరుచుకుంటుంది. ఒక మెట్టు పైకి వెళ్తే లోకల్ ఉంటుంది. రెండింటిలో ఆ యాప్ పేరు ఉందేమో చూడండి. సి డ్రైవ్‌లోని ప్రోగ్రామ్‌డేటా ఫోల్డర్‌లో కూడా. అది దాచి ఉంటుంది, ఫైల్ ఎక్స్‌ప్లోరర్ వ్యూలో హిడెన్ ఐటమ్స్ ఆన్ చేస్తే కనిపిస్తుంది.
- టాస్క్ షెడ్యూలర్‌లో (వేళకి తనంతట తానే పనులు నడిపించే విండోస్ ప్రోగ్రామ్) ఆ కంపెనీ పేరుతో అప్‌డేట్ పని ఏదైనా మిగిలిందా. తీసేసిన యాప్ వారానికోసారి "లేచి" మెసేజ్ చూపించడానికి తరచూ కారణం ఇదే.
- బ్రౌజర్‌లో ఎక్స్‌టెన్షన్ ఉండిపోయిందా, హోమ్‌పేజీ, సెర్చ్ ఇంజిన్ మారిపోయి ఉన్నాయా. అన్‌ఇన్‌స్టాలర్ వీటిని ముట్టకపోవచ్చు, మీరే మార్చుకోవాలి.

స్టార్టప్‌లో ఏవేవో మిగిలాయనిపిస్తే మైక్రోసాఫ్ట్ వాళ్ళ ఆటోరన్స్ అనే ఉచిత ప్రోగ్రామ్ వాడండి. దారి ఉండి ఫైలు లేని వాటిని పసుపు రంగులో చూపిస్తుంది. వెంటనే డిలీట్ కొట్టకుండా ముందు టిక్ మాత్రం తీసి, రెండు రోజులు చూసి, అప్పుడు తీసేయండి.

మాట వినని యాప్‌లు

*లిస్టులో పేరుంది, నొక్కితే ఎర్రర్.* ఎక్కువసార్లు దీనికి కారణం, ఎవరో ప్రోగ్రామ్ ఫైల్స్‌లోకి వెళ్ళి ఫోల్డర్‌ని నేరుగా డిలీట్ చేసి ఉండటం. అలా చేస్తే సొంత అన్‌ఇన్‌స్టాలర్ కూడా పోతుంది, సర్వీసులు, షెడ్యూల్ పనులు, రిజిస్ట్రీ మిగిలిపోతాయి. "ఇది ముందే తీసేసి ఉండొచ్చు, లిస్టులోంచి పేరు తీయాలా" అని విండోస్ అడిగితే సరే అనండి. అడగకపోతే అదే యాప్‌ని అదే వర్షన్‌లో మళ్ళీ ఇన్‌స్టాల్ చేసి, సరిగ్గా అన్‌ఇన్‌స్టాల్ చేయండి. వినడానికి వింతగా ఉన్నా అన్నిటికంటే శుభ్రంగా తేలే దారి ఇదే. అదీ కుదరకపోతే మైక్రోసాఫ్ట్ వాళ్ళ ప్రోగ్రామ్ ఇన్‌స్టాల్ అండ్ అన్‌ఇన్‌స్టాల్ ట్రబుల్‌షూటర్, ఆ తర్వాతే గీక్‌లో ఫోర్స్ రిమూవల్.

*ఎంఎస్ఐ ఫైలు దొరకలేదంటోంది.* ఎంఎస్ఐ అంటే విండోస్ ఇన్‌స్టాలర్‌తో వేసే యాప్‌ల ఫైలు. సి డ్రైవ్‌లో విండోస్ ఫోల్డర్ లోపల ఇన్‌స్టాలర్ అనే దాచిన ఫోల్డర్ ఉంటుంది. గిగాబైట్ల సైజు చూసి కొందరు దాన్ని ఖాళీ చేస్తారు. దాంతో ఎన్నో యాప్‌లు ఇక అప్‌డేట్ అవ్వవు, అన్‌ఇన్‌స్టాల్ కూడా అవ్వవు. దాన్ని ఎప్పుడూ ముట్టుకోకండి. ఇప్పటికే చేసి ఉంటే పైన చెప్పిన ట్రబుల్‌షూటరే దిక్కు.

*సేఫ్ మోడ్‌లో కూడా పోవట్లేదు.* మామూలుగా సేఫ్ మోడ్‌లో (అత్యవసరమైన వాటితో మాత్రమే విండోస్ మొదలయ్యే పద్ధతి) విండోస్ ఇన్‌స్టాలర్ సర్వీస్ నడవదు. ఎంఎస్ఐ రకం యాప్‌లు అక్కడ పోకపోవడం సహజమే, మామూలు మోడ్‌లోనే ప్రయత్నించండి.

*యాంటీవైరస్.* కొత్త ల్యాప్‌టాప్‌తో ట్రయల్‌గా వచ్చి, గడువు అయ్యాక రోజూ డబ్బు కట్టమని అడిగేవి. వీటిని మామూలు అన్‌ఇన్‌స్టాలర్లతో బలవంతంగా తీయకండి. తమని ఎవరూ తీయకుండా కాపాడుకునేలా వాటిని తయారుచేస్తారు, డ్రైవర్లు లోతుగా ఉంటాయి. సగం పోయి సగం మిగిలితే నెట్ ఆగిపోవచ్చు. ముందు సెట్టింగ్స్ నుంచి మామూలుగా తీయండి. ఇంకా మిగిలితే ఆ కంపెనీ వాళ్ళే ఇచ్చే రిమూవల్ టూల్ వాడండి. మెకాఫీ, నార్టన్, క్యాస్పర్‌స్కీ, అవాస్ట్, ఈసెట్ అందరికీ ఉన్నాయి. తీశాక విండోస్ సెక్యూరిటీ తెరిచి, విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్ ఆన్ అయిందో లేదో తప్పక చూడండి.

*గ్రాఫిక్స్ డ్రైవర్.* ఎన్‌విడియా, ఏఎండీ డ్రైవర్లు శుభ్రంగా తీయాలంటే డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్ అనే ప్రత్యేక ప్రోగ్రామ్ ఉంది, దాన్ని సేఫ్ మోడ్‌లో నడపాలి. కొత్త డ్రైవర్ ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి.

*"మీ కంప్యూటర్‌లో వైరస్ ఉంది" అని మూల నుంచి వచ్చే మెసేజ్‌లు.* ఎన్ని యాప్‌లు తీసినా ఇవి ఆగట్లేదంటే అది యాప్ కాకపోవచ్చు. ఏదో సైటులో "అలో" నొక్కి ఉంటారు, బ్రౌజర్ నోటిఫికేషన్లు అవి. క్రోమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్‌లోకి వెళ్ళి తెలియని సైట్లని తీసేయండి. ఆగిపోతాయి. నిజంగా మాల్వేర్ అనుమానం ఉంటే అన్‌ఇన్‌స్టాలర్ దానికి మందు కాదు, డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ చేయండి.

*ఎవరో ఫోన్ చేసి వేయించిన ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్.* బ్యాంకు నుంచనో, కరెంటు ఆఫీసు నుంచనో ఫోన్ చేసి ఇవి వేయించి డబ్బు కాజేసే మోసాలు మన దగ్గర చాలా జరుగుతున్నాయి. దూరం నుంచి కంప్యూటర్‌ని నడిపించే ఆ యాప్‌లు మంచివే, వాడుకున్నవాళ్ళు దొంగలు. ఇలాంటి సందర్భంలో మాత్రం పైన చెప్పిన పద్ధతి పాటించొద్దు. వెంటనే నెట్ తీసేయండి, వేరే ఫోన్ నుంచి బ్యాంకుకీ, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కీ చెప్పండి. ఆ యాప్ ఫోల్డర్లలో ఏ ఐడీ నుంచి ఎప్పుడు కనెక్ట్ అయ్యారో తెలిపే లాగ్‌లు ఉంటాయి. మిగులు ఫైళ్ళ పేరుతో వాటిని తుడిచేస్తే పోలీసులకి ఇవ్వాల్సిన ఆధారం మీ చేతులతో మీరే పారేసినట్టు. ఫిర్యాదు అయ్యాక, వాళ్ళు సరే అన్నాకే తీసేయండి. ఎనీడెస్క్ ఇన్‌స్టాల్ కాకుండా కూడా నడుస్తుంది కాబట్టి లిస్టులో కనిపించకపోయినా డౌన్‌లోడ్స్‌లో చూడాలి.

ఏదైనా చెడిపోతే

ఒకసారికి ఒక యాప్ మాత్రమే తీసి, రీస్టార్ట్ చేసి, రెండు మూడు ముఖ్యమైన ప్రోగ్రాములు తెరిచి చూసుకుంటే దేనివల్ల చెడిందో వెంటనే తెలుస్తుంది. ఒకే సాయంత్రం ఇరవై తీసి, మర్నాడు ప్రింటర్ పనిచేయకపోతే ఎక్కడని వెతుకుతారు?

ఫైలు పోయిందనిపిస్తే ముందు రీసైకిల్ బిన్ చూసి, ఉంటే రీస్టోర్ కొట్టండి. వేరే యాప్ తెరుచుకోకపోతే దాన్నే మళ్ళీ ఇన్‌స్టాల్ చేయండి లేదా రిపేర్ ఆప్షన్ ఉంటే వాడండి, సగం సమస్యలు అక్కడే పోతాయి. ఫైలు రకం తప్పు యాప్‌తో తెరుచుకుంటుంటే సెట్టింగ్స్‌లో డిఫాల్ట్ యాప్స్‌లో మార్చుకోవచ్చు, దానికి రీస్టోర్ దాకా వెళ్ళనక్కర్లేదు. ఇవేవీ కుదరకపోతే స్టార్ట్‌లో "సిస్టమ్ రీస్టోర్" అని వెతికి, మూడో స్టెప్‌లో పెట్టిన పాయింట్ ఎంచుకోండి. ఆ పాయింట్ తర్వాత ఇన్‌స్టాల్ చేసినవి పోతాయి, అవేంటో స్కాన్ ఫర్ ఎఫెక్టెడ్ ప్రోగ్రామ్స్ అనే బటన్ ముందే చూపిస్తుంది.

విండోస్ అసలు తెరుచుకోకపోతే, లోగో వస్తున్నప్పుడు పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఆపండి. ఇలా రెండు మూడుసార్లు చేస్తే రిపేర్ స్క్రీన్ వస్తుంది. అక్కడ ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, సిస్టమ్ రీస్టోర్. కొన్ని ల్యాప్‌టాప్‌లు ఇక్కడ బిట్‌లాకర్ (డిస్క్‌కి తాళం వేసి ఉంచే విండోస్ సదుపాయం) రికవరీ కీ అడుగుతాయి. 48 అంకెల కీ అది. సాధారణంగా మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది, ఫోన్ నుంచి లాగిన్ అయి చూసుకోవచ్చు. మొదటి స్టెప్ మొదలుపెట్టే ముందే అది ఉందో లేదో చూసి కాగితం మీద రాసి పెట్టుకోండి.